ఎండ పోయినది, అలవాటు పోలేదు

వేసవి ఎప్పుడు ముగియునని పంచాంగము నడిగినచో ఒక సమాధానము వచ్చును. బేతంచెర్ల నాపరాతి గనిలో గడ్డపార పట్టిన మనిషి నడిగినచో వేరొక సమాధానము వచ్చును. పంచాంగము ప్రకారము ఆషాఢము దాటగనే గ్రీష్మము సరి. గనిలోని మనిషికి మాత్రము భాద్రపదమందు కూడ మధ్యాహ్నపువేళ బండ అరికాలిని కాల్చుచునే యుండును. రెండు వానలు పడి మబ్బు పట్టిన వారము చల్లబడును. మబ్బు విడిన మరునాడే మరల చెమట. చలిదేశములవారు వ్రాసిన ఆరోగ్యగ్రంథములలో వేసవికిని ఆకురాలు కాలమునకును నడుమ గీత గీచినట్లుండును. అక్కడ ఆకులు పండును, గాలి చల్లబడును, జనులు పెట్టెలనుండి ఉన్నిబట్టలు తీయుదురు. మన ఎర్రమల ప్రాంతమున అట్టి గీత లేదు. ఇక్కడ వేసవి మెల్లమెల్లగ, అప్పుడప్పుడు వెనుకకు తిరిగి చూచుచు, శరత్తులోనికి జారును. చిక్కంతయు ఈ జారుటలోనే యున్నది.

వేసవిలో మనలను కాపాడిన అలవాట్లు కొన్ని కలవు. నీరు దొరికిననాడు దొరికినంత పట్టి తొట్లలో నిలువచేయుట, ఆరుబయట నేలపైనో మిద్దెపైనో పరుండుట, రాత్రి మిగిలిన అన్నములో నీళ్ళుపోసి తెల్లవారి త్రాగుట, మధ్యాహ్నము కదలక యుండుట. ఇవి తప్పులు కావు. నీటికరువు గల ఎండల సీమలో తరతరముల అనుభవము నేర్పిన ఉపాయములు. కాని ఋతువు మారిన తరువాత అవే అలవాట్లు కొన్ని మనకు శత్రువులగును. ఎండ పోయినదని మనకు తెలిసినంత త్వరగ మన చేతులకు తెలియదు. మేలో చేసిన పనినే సెప్టెంబరులోను చేయుచుందుము. ఏ అలవాటును ఎప్పుడు విడువవలెను, దేనిని విడువరాదు, ఎందుచేత అనునది ఇప్పుడు విచారింతము.

ఈ సంధికాలమును మన పూర్వవైద్యులు బాగుగ గుర్తించిరి. ఒక ఋతువు చివరి ఏడు దినములను, రాబోవు ఋతువు మొదటి ఏడు దినములను కలిపి ఋతుసంధి యనిరి. అష్టాంగహృదయము సూత్రస్థానమున మూడవ అధ్యాయమందు ఋతుచర్యను వివరించుచు వాగ్భటుడు, ఈ పదునాలుగు దినములలో పాత నియమమును క్రమముగ విడుచుచు కొత్త నియమమును క్రమముగ పట్టవలెనని చెప్పెను. వర్షర్తువున పేరుకొనిన పిత్తము శరత్తునందలి ఎండకు ప్రకోపించునని ఆ శాస్త్రము చెప్పు కారణము. ఆ పరిభాష నేటి వైద్యశాస్త్రమునకు చెందినది కాదు. కాని మబ్బుచాటున చల్లబడిన శరీరముపై హఠాత్తుగ ఎండ పడుటవలన కీడు కలుగునను పరిశీలన మాత్రము చక్కనిది. దానిని గూర్చి తరువాత చెప్పెదము. శార్ఙ్గధరుడు మరి కొంత ముందునకుపోయి, కార్తికము చివరి ఎనిమిది దినములకును మార్గశిరము మొదటి ఎనిమిది దినములకును కలిపి యమదంష్ట్ర యని పేరు పెట్టెను. పేరు భయపెట్టునదే, ఆయన చెప్పిన మందు మాత్రము మితముగ భుజించుట.

మన రైతులకు ఋతువులకంటె కార్తెలు దగ్గర. రోహిణి ఎండకు రోళ్ళు పగులునందురు. జూన్ రెండవ వారమున మృగశిర ప్రవేశించును. వాన వచ్చిన వచ్చును, లేకున్న లేదు. బేతంచెర్ల నేడు నంద్యాల జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలోనిది. ఆ పాత జిల్లాకు సంవత్సరము పొడవున కురియు వాన సుమారు 670 మిల్లీమీటర్లు. అందు మూడింట రెండువంతులు నైఋతి ఋతుపవనములవలన వచ్చును. గమనింపదగిన విశేషమేమనగా, కోస్తావారికి జూలైలోనే వానకాలము ముదిరినట్లు తోచును గాని, మన సీమకు సెప్టెంబరే పెద్దవాన నెల. పుబ్బ, ఉత్తర, హస్త కార్తెలు మనకు ముఖ్యములు. అనగా వేసవి చాలించి చల్లబడు కాలమును, నీరు నిలుచు కాలమును మనకు ఒక్కటే. 2009 అక్టోబరు 2వ తేదీన కర్నూలు నగరమును ముంచిన తుంగభద్ర, హంద్రీల వరద కూడ ఈ కార్తెల నడుమ వచ్చినదే.

మొదట నిలువనీటి మాట. బేతంచెర్లలో రాతికి కొదువ లేదు. ఇంటినేల బండ, అరుగు బండ, ప్రహరి బండ. నీటితొట్టియు బండలు నిలబెట్టి సిమెంటుతో అతికినదే. వేసవిలో ఆ తొట్టి ఇంటికి ప్రాణము. కుళాయికి నీరెప్పుడు వచ్చునో తెలియదు గనుక, తొట్టి నిండియున్నను దానిప్రక్కన డ్రమ్ము, డ్రమ్ముప్రక్కన బిందెలు నింపుదురు. వానలు వచ్చి నీటి ఇబ్బంది కొంత తీరిన తరువాత కూడ ఈ నింపుడు ఆగదు. పాత నీటిపై కొత్త నీరు పోయుచు, అడుగునీటిని నెలల తరబడి కదలింపని తొట్లు అనేకములు.

డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ జాతి దోమకు ఇటువంటి తొట్టియే పుట్టిల్లు. అది మురుగును కోరదు, తేటనీటిని కోరును. గ్రుడ్లను నీటిలో పెట్టదు. నీటిమట్టమునకు కొంచెము పైన, తొట్టిగోడకు అంటించును. ఆ గ్రుడ్లు నీరు లేకున్నను నెలల తరబడి ఎండియుండి, మరల నీరు తగిలినప్పుడు పగులును. కాబట్టి ఏప్రిల్‌లో తొట్టిగోడపై మిగిలిన గ్రుడ్డు ఆగస్టులో దోమ కావచ్చును. తొట్టిని ఖాళీచేసినంతమాత్రమున పని తీరదని గ్రహింపవలెను. కొబ్బరిపీచుతోనో గట్టి బ్రష్షుతోనో లోపలిగోడలను, ముఖ్యముగ నీటిగీత ఉన్నచోటును రుద్ది కడిగి, ఒక పూట ఎండలో ఆరనిచ్చిన తరువాతనే మరల నీరు పట్టవలెను. గ్రుడ్డు పగిలిననాటినుండి దోమ ఎగురుటకు వారము, పది దినములు పట్టును గనుక వారమునకొక దినము ఇట్లు ఎండగట్టుమని ఆరోగ్యశాఖవారు చెప్పుట. ఆ లెక్క ఊరక పెట్టినది కాదు. వారములో ఏ దినమైన నేమి, తప్పకుండుట ముఖ్యము.

మరి ఆ దోమ వేసవిలో మాత్రము లేదా? ఆ తొట్లు అప్పుడును ఉన్నవి గదా? ఈ ప్రశ్న అడుగదగినది. దీని సమాధానములోనే శరత్కాలపు జ్వరముల రహస్యమున్నది. రోగిని కుట్టిన దోమ ఆ క్షణముననే ఇంకొకరికి జ్వరమును అంటింపలేదు. రక్తముతో వచ్చిన వైరస్ దోమ కడుపులో పెరిగి దాని లాలాజలమునకు చేరుటకు సుమారు ఎనిమిదినుండి పండ్రెండు దినములు పట్టును. అంతవరకు దోమ బ్రతికియుండవలెను. 40 డిగ్రీలు దాటిన పొడియెండలో దోమకు అంత ఆయువు చిక్కుట కష్టము. వాన పడి, గాలిలో తేమ చేరి, పగటివేడి 32, 33 డిగ్రీలకు, రాత్రివేడి 23కు దిగినప్పుడు ఆ దోమకు ఆయువు పెరుగును. మనకు హాయియైన వాతావరణమే దానికిని హాయి. కాబట్టి జ్వరము గాలి మారుటచేతనో నీరు మారుటచేతనో ఆకాశమునుండి ఊడిపడినది కాదు. మన ఇంటిలోనే వేసవియంతయు ఉన్న దోమకు ఋతువు ఆయువు పోసినది.

ఈ సందర్భమున ఒక పాత సంగతి. దోమవలన మలేరియా వచ్చునని నిరూపించుటకు దారితీసిన పరిశోధన మన తెలుగునేలపైనే జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు, రోగి రక్తము త్రాగిన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అది ఆగస్టు అగుట కాకతాళీయము కావచ్చును. కాని దోమలును జ్వరమును సమృద్ధిగ దొరకు నెల అదియే గదా. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చినది. మలేరియా దోమ వేరు జాతిది, అనాఫిలిస్. అది రాత్రివేళ కుట్టును. డెంగ్యూ దోమ పగలు కుట్టును, ముఖ్యముగ ప్రొద్దుటిపూటను, సాయంకాలమునకు ముందును. పుట్టిన ఇంటిని విడిచి అది దూరము పోదు; సాధారణముగ నూరు, రెండునూరుల గజములలోనే తిరుగును. ఆ పరిధిలోనున్న తొట్లు మనవియు మన పొరుగువారివియే.

జ్వరము వచ్చినచో ఒక జాగ్రత్త చెప్పకపోయిన అపరాధమగును. డెంగ్యూలో ప్రమాదము జ్వరము తీవ్రముగనున్న దినములకంటె, మూడవ దినమునకును ఏడవ దినమునకును నడుమ జ్వరము తగ్గుముఖము పట్టినప్పుడు ఎక్కువ. ఒళ్ళు చల్లబడినది, ఇక పనికి పోవచ్చునని లేచినవానికి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండియో ముక్కునుండియో రక్తము, మితిమీరిన నీరసము కనబడిన వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వంటి నొప్పిబిళ్ళలు రక్తస్రావమును పెంచును గనుక వానిని ముట్టరాదు. జ్వరమునకు పారాసిటమాల్, దానితో ద్రవపదార్థములు. మందులదుకాణమున అడిగి, పేరు తెలియని బిళ్ళలు నాలుగు కలిపి మ్రింగు ఆచారము మన ప్రాంతమున కొంత ఎక్కువ.

ఇక త్రాగునీరు. బేతంచెర్ల బండకు ఖ్యాతి తెచ్చిన సున్నపురాతి స్వభావమే ఇక్కడి భూగర్భజలమునకు ఒక బలహీనతను కూడ తెచ్చినది. ఇసుకనేలలో వాననీరు మెల్లగ వడగట్టబడుచు దిగును. సున్నపురాతిలో అట్లు కాదు; నీరు రాతిని కరిగించి చీలికలను వెడల్పుచేసికొని, వానిగుండ కాలువవలె పారును. కొలిమిగుండ్లవద్ద బెలుం గుహలను చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. మూడు కిలోమీటర్లకు మించిన ఆ సొరంగములను తొలిచినది పూర్వకాలపు భూగర్భజలమే. ఇటువంటి నేలలో ఊరిలోని మాలిన్యము పెద్దవాన కడిగిన రెండు మూడు దినములలోనే బావిని, బోరును చేరవచ్చును. వేసవియంతయు మేలుగనున్న బోరునీరు ఆగస్టులో కూడ మేలుగనే యుండునని నమ్మరాదు.

శరత్కాలపు నీటిని మన ప్రాచీనులు హంసోదకమని మెచ్చుకొనిరి. పగలు సూర్యునిచే వేడెక్కి, రాత్రి చంద్రునిచే చల్లబడి, అగస్త్యనక్షత్రము ఉదయించుటచే నిర్విషమైన నీరట. వానలు తగ్గిన తరువాత చెరువుల బురద క్రిందికి దిగి నీరు తేటపడుట నిజమే. వారి కన్ను చురుకైనది. కాని తేటనీరును శుభ్రమైన నీరును ఒకటి కావు. కలరా, టైఫాయిడు, పచ్చకామెర్ల క్రిములు గ్లాసులో తళతళలాడు నీటిలో కూడ నిక్షేపముగ నుండును. ఈ మూడు నెలలు నీటిని సలసల మరుగునట్లు కొన్ని నిమిషములు కాచి త్రాగుట మేలు. కట్టెలకును గ్యాసునకును ఖర్చగుననువారు క్లోరిన్ బిళ్ళను పొట్లముపై వ్రాసినంత నీటిలో వేసి అరగంట ఆగి త్రాగవచ్చును. క్యాను నీరు కొనువారు నీటిని గూర్చి నిశ్చింతగ నుందురు; ఆ క్యాను లోపల ఎవరైన ఎప్పుడైన కడిగిరో లేదో, ముంచు గ్లాసుతో ఎన్ని చేతులు అందు మునిగినవో ఆలోచింపరు. నీటిని ముంచి తీయక, వంచి పోసికొనుట లేదా పొడవు కాడగల గరిటెతో తీయుట మంచిది.

విరేచనములు పట్టినచో ఔషధమునకు ముందు నీరు, ఉప్పు, చక్కెర. ఓ.ఆర్.ఎస్. పొట్లము ఉపకేంద్రములలో దొరకును. చేతికి దొరకనినాడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగ త్రాగింపవలెను. ఉప్పు ఎక్కువైన కీడు గనుక కొలత తప్పరాదు. చంటిపిల్లలకు తల్లిపాలు మాన్పరాదు. విరేచనమునకు ఆహారము ఆపుట మన యిండ్లలో ఇంకను పోని తప్పు.

నీటి పరిశుభ్రతను గూర్చి ఇంత చెప్పితిమి గదా, నీటి పరిమాణమును గూర్చి కూడ ఒక మాట. వేసవి అలవాట్లలో విడువరానిది ఇదియే. మబ్బు పట్టగనే దాహము తగ్గును. గనిలోనికి తెచ్చుకొను నీళ్ళసీసా చిన్నదగును. శరీరము ఎండకు అలవాటుపడుటకు వారమునుండి రెండు వారములు పట్టునని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అప్పుడు చెమట త్వరగ పట్టును, చెమటలో ఉప్పు తక్కువగ పోవును, గుండెకు శ్రమ తగ్గును. కాని ఈ అలవాటు నిలువయుండు ధనము కాదు. మూడు నాలుగు వారములు చల్లదనమున నున్నచో అది చాలవరకు కరిగిపోవును. హస్త, చిత్త కార్తెలలో వానలు వెనుదీసి, ఆకాశము నిర్మలమై, ఎండ మరల చురుక్కుమనినప్పుడు శరీరము మేనెలనాటి శరీరము కాదు. పైగా గాలిలో తేమ ఉండుటచే చెమట ఆరదు. ఆరని చెమట చల్లబరుపదు. మేలో 42 డిగ్రీలకు తట్టుకొనినవాడు అక్టోబరులో 36 డిగ్రీలకే తూలి పడుట విచిత్రము కాదు. పూర్వులు పిత్తప్రకోపమని చెప్పినదానికి మేము చూపగల సమీపమైన అర్థము ఇది. వానలకు మూతపడిన గని తెరచిన మొదటి వారము పనిగంటలను తగ్గించి, క్రమముగ పెంచవలెను. పని చేయించువారికి ఈ మాట రుచింపకపోవచ్చును. త్రాగినది చాలినదా లేదా యని తెలిసికొనుటకు మూత్రపు రంగు చాలు. ముదురు పసుపు కనబడిన చాలలేదని అర్థము. మూత్రపిండములలో రాళ్ళు ఏర్పడుటకు తక్కువ నీరు త్రాగుట ఒక ముఖ్యకారణము.

భోజనము సంగతికి వత్తము. వేసవిలో అంబలియు మజ్జిగయు అమృతప్రాయములు. వానకాలమున మజ్జిగకు దోషము లేదు, అప్పటికప్పుడు కాచిన అంబలికిని లేదు. దోషము రాత్రి మిగిలినదానిలో నున్నది. వండిన అన్నమును వెచ్చగనే గంటల తరబడి ఉంచినచో అందు పెరుగు కొన్ని క్రిములు విడుచు విషము మరల కాచినను పోదు. పుల్లబడుటకు నిలిపిన చద్దికిని, మరచి వదలిన అన్నమునకును భేదము కలదు. పులుపు కొంత రక్షణ నిచ్చును, ఉక్కపోతలో జిగురుపట్టిన అన్నము నీయదు. ఈ నెలలలో వండినది ఆ పూటకే సరిపోవునట్లు వండుట ఇల్లాలికి శ్రమయే యైనను వేరుమార్గము లేదు. ప్రొద్దున ఉగ్గానియో, వేడి జొన్నరొట్టెయో, కొర్రన్నమో మేలు. కొర్ర మన నేలకు కొత్తది కాదు. నంద్యాల పరిశోధనా స్థానమునుండి వచ్చిన సూర్యనంది రకము పేరు రైతులకు తెలిసినదే. కోతకు వచ్చిన కొత్తధాన్యము అరుగుట కష్టమని, వానకాలమున పాతధాన్యమునే వాడుమని వైద్యగ్రంథములు చెప్పును. చాతుర్మాస్య వ్రతమున శ్రావణమాసమున ఆకుకూరలు, భాద్రపదమున పెరుగు మానుట పెద్దలకు తెలిసిన ఆచారము. వాన బురద చిమ్మి, పురుగు పట్టిన ఆకును ఆ నెలలో మానుట వివేకమే. ఉప్పునీటిలో కడిగి బాగుగ ఉడికించుకొనగలవారు మానకున్నను నష్టము లేదు. కార్తికములో ఉసిరిచెట్టు క్రింద భోజనము చేయువారు, నీడతో సరిపెట్టుకొనక నాలుగు కాయలను కూడ తినవలెనని మా సలహా. సి విటమినుకు అంత సమృద్ధియైన కాయలు అరుదు.

ఈ కాలపు పంటలలో బుడ్డలను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. కోస్తావారు వేరుశెనగ యందురు. ఖరీఫు బుడ్డలు పెరుకువేళకు తరచు వాన పట్టును. తడిసిన కాయ కుప్పలో ఉడికి బూజుపట్టును. 1960లో ఇంగ్లండులో లక్షపైగా సీమకోళ్ళు అంతుపట్టని వ్యాధితో చచ్చినప్పుడు, వానికి పెట్టిన వేరుశెనగ పిండిలోని బూజే కారణమని తేలెను. ఆ బూజు విడుచు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమునకు చేటు. వేయించినను ఉడికించినను పూర్తిగ పోదు. ఇందలి దుఃఖమేమనగా, మంచికాయ మార్కెట్టునకు పోవును, అమ్ముడుపోని మచ్చకాయ ఇంటిలో పచ్చడికిని పిల్లల చిరుతిండికిని మిగులును. ముడుతపడినవి, రంగు మారినవి, చేదెక్కినవి మనుష్యులకే కాదు, పశువులకు కూడ పెట్టరాదు. కాయను గలగలలాడునంతవరకు ఆరబెట్టి గాలితగులు చోట నిలువచేయుటయే దీనికి నివారణ. కాయలు ఆరబోయుటకు బండపరచిన కళ్ళము మట్టినేలకంటె ఎంతయో మేలు. ఆ బండ మనకు గుమ్మములోనే యున్నది.

ఊపిరికి సంబంధించిన మాట క్లుప్తముగ. కోతయంత్రములవద్ద నీటిధార ఉండగ దుమ్ము లేవదు. కాని ఆ సున్నపుబురద కుప్పలుగ ఎండి, వానలు వెళ్ళిన తరువాత గాలికి తెల్లగ లేచును. గ్రానైటుతో పోల్చిన సున్నపురాతిలో సిలికా తక్కువ. లేదనుటకు మాత్రము వీలులేదు. కార్తికపు తెల్లవారుజామున మంచు దుమ్మును క్రిందికి అణచియుంచును గనుక ఆ వేళ దగ్గు అధికము. బురదకుప్పను తడిగ నుండగనే ఎత్తివేయుట, ముక్కుకు గట్టి మాస్కు తగిలించుకొనుట అవసరము; తువ్వాల చుట్ట సన్నని ధూళిని ఆపలేదు. దీనితోపాటు వానలకు బలిసిన వయ్యారిభామ పూతకు వచ్చును. ఇంత చక్కని పేరు ఆ కలుపుమొక్కకు ఎవరు పెట్టిరో గాని, దాని పుప్పొడి ఉబ్బసమును, దాని ఆకు చర్మమునకు దురదను తెచ్చును. పూయకముందే, చేతులకు తొడుగు వేసికొని, వేళ్ళతో పెరికివేయవలెను.

వదలివేసిన గనిగుంతలు ఈ నెలలలో నీలముగ, అందముగ నిండియుండును. అంచు నిట్టనిలువు, లోతు తెలియదు, అడుగున పదునైన బండలు. దసరా సెలవులలో పిల్లలు అందులో ఈతకు దిగుదురు. వేసవిలో ఆ గుంత ఆటస్థలము. నీరు నిండినది మొదలు దానికి కంచె కావలెను, లేదా కనీసము కంపయైనను వేయవలెను. మలేరియా దోమలకును అది స్థానమే. దోమపిల్లలను తిను గంబూసియా చేపలను అందు వదలుమని పంచాయతీవారిని అడుగవచ్చును.

చివరగ పడక. వేసవిరాత్రులు బండనేలపై చాపపరచి పరుండుటలో ఉన్న సుఖము బేతంచెర్లవారికి తెలిసినంతగ ఇతరులకు తెలియదు. వానలు పడిన తరువాత ఆ చాపను మంచముపైకి ఎక్కింపవలెను. పేర్చిన బండల సందులు, కట్టెలమోపులు, గడ్డివాములు ఎలుకలకు నెలవులు. ఎలుకలున్నచోటికి పాములు వచ్చును. వాననీరు బొరియలలోనికి చేరినప్పుడు అవి పొడినేల వెదకుచు ఇంటిలోనికే దూరును. వీనిలో కట్లపాము అతి మోసకారి. రాత్రివేళ తిరుగును, నేలపై నిద్రించువారిని కాటువేయును. ఆ కాటు చీమ కుట్టినంత నొప్పియైనను పెట్టకపోవచ్చును, గాటు కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలుట, మాట ముద్దయగుట, మ్రింగలేకపోవుట కనబడును. అది అజీర్ణమనుకొని వామునీళ్ళు పోయుచు కూర్చుండినచో ఊపిరి కండరములు స్తంభించును. నేలపై పరుండినవానికి ఈ లక్షణములు కనబడిన, కాటు గుర్తులేకున్నను, పామేయని అనుమానించి ఆసుపత్రికి తరలింపవలెను. కోయుట, పీల్చుట, త్రాటితో బిగించుట, మంత్రగానికొరకు ఎదురుచూచుట వలదు. కాటుపడిన అవయవమును కదలనీయక, మనిషిని నడిపింపక, 108 వాహనమును పిలువవలెను. విషమునకు విరుగుడు సూదిమందు ఒక్కటియే.

నులకమంచము మరల వాడుకలోనికి రావలసిన కాలమిది. మంచమును గోడకు జానెడు ఎడముగ వేసి, దుప్పటి నేలను తాకకుండ చూచుకొనవలెను. పెట్టెలోని కంబళ్ళను, బొంతలను దీపావళికి పదిదినములు ముందుగనే తీసి, రెండు ఎండలు చూపి, దులిపి వాడవలెను; మడతలలో తేలు దాగియుండుట వింత కాదు. దోమతెర మంచముచుట్టును ఊరక వ్రేలాడుచున్నచో ప్రయోజనము లేదు. దాని అంచును నలువైపుల పరుపుక్రిందికి దోపినచో అనాఫిలిస్ దోమ లోనికి రాలేదు, కట్లపామును రాలేదు. పగటిపూట ఊయలలో నిద్రించు పసిపిల్లకు కూడ చిన్న తెర కట్టవలెను. డెంగ్యూ దోమ తిరుగునది ఆ వేళనే.